పాత ట్రాంబోన్ అమ్ముతున్నారా? ముందు వయసు పట్టుకోండి, తర్వాత కొనే మనిషిని వెతకండి

ఏళ్ల తరబడి మూలన పడున్న ట్రాంబోన్ పెట్టె తెరిచిన ప్రతివాళ్లూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఇది ఎప్పటిది? ఎంత వస్తుంది? మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోది దానంతటదే తేలిపోతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, అది తప్పని తెలుసుకోవడానికి నాకు ఒక అమ్మకం పట్టింది. ట్రాంబోన్ వయోలిన్ లాంటిది కాదు, ముసలిదయ్యే కొద్దీ రేటు పెరగదు. గొట్టం మీద గొట్టం అస్తమానం జారుతూ ఉండే వస్తువు కాబట్టి అరుగుతుంది, సొట్టలు పడుతుంది, లోపల చిలుము పడుతుంది. ధర తేల్చేది ముందు స్లైడ్, అంటే ఆ జారే గొట్టాల భాగం, తర్వాత మోడల్. మరి వయసు ఎందుకంటారా, ఎవరికి అమ్మాలో తేల్చుకోవడానికి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఏ ఊళ్లో ఏ దశాబ్దంలో తయారైందన్నదాన్ని బట్టి కొనేవాళ్లు మారిపోతారు, ఆ తేడా తెలియకే నేను నాది మొదట కనిపించిన షాపులో గంటలో ఇచ్చేసి వచ్చాను. షాపువాళ్లు మోసం చేయలేదు, చేతిలో ఉన్నదేంటో నాకే తెలియదు.

వయసు పట్టుకునే దారులు

మొదటి దారి సీరియల్ నంబరు. మౌత్‌పీస్ (నోటికి ఆనించి ఊదే ముక్క) పెట్టే గొట్టం దగ్గర, స్లైడ్ పైభాగంలో బెల్ (గంటలా విచ్చుకునే భాగం) బిగించే చోట, బెల్ వైపు ఉండే అడ్డపట్టీల మీద, వాల్వ్ (గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించే భాగం) ఉంటే దాని పక్కన, ఈ చోట్లన్నీ టార్చి వేసి చూడండి. పాతవాటిలో అంకెలు అరిగి లేతగా ఉంటాయి, మెత్తని పెన్సిల్‌తో పల్చటి కాగితం మీద రుద్దితే చాలాసార్లు కనిపిస్తాయి. స్లైడ్ మీదా బెల్ మీదా రెండు చోట్లా నంబర్లుంటే అవి కలుస్తున్నాయో లేదో చూసుకోండి. కలవకపోతే రెండు వాద్యాల ముక్కలు ఒకటిగా చేరి ఉండొచ్చు, కొనేవాడు తప్పకుండా అడుగుతాడు. అయితే కొన్ని కంపెనీలు రెండు భాగాలకూ అసలు ఒకే నంబరు వేయవు, కాబట్టి కంగారు పడి "నకిలీ" అని రాసేయకండి.

ఇక్కడ జనం ఎక్కువగా పప్పులో కాలేసేది ఒక్క చోట: మోడల్ నంబరును, పేటెంట్ నంబరును సీరియల్ అనుకోవడం. కాన్ 88హెచ్, కింగ్ 3బి, యమహా వైఎస్ఎల్-354, ఇవన్నీ మోడళ్లు. "నా ట్రాంబోన్ నంబరు 42" అంటే అది బాక్ కంపెనీ మోడల్ 42, ఆ మోడల్ దశాబ్దాల తరబడి తయారవుతూనే ఉంది. ఇంకో సరదా సంగతి, బాక్ ట్రాంబోన్ బెల్ మీద "స్ట్రాడివేరియస్" అని చెక్కి ఉంటుంది, అది చూసి మూడు వందల ఏళ్ల నాటిదని ఆశపడినవాళ్లున్నారు. అది విన్సెంట్ బాక్ తన వాద్యాలకు పెట్టుకున్న పేరు మాత్రమే, ఇటలీ వయోలిన్ల మేస్త్రీకీ దీనికీ చుట్టరికం లేదు.

సీరియల్ దొరికాక కంపెనీ జాబితాలో ఏ సంవత్సరమో చూస్తారు. ఆ జాబితాలను పంచాంగంలా నమ్మొద్దు. కొన్ని కంపెనీలు మధ్యలో నంబర్లు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాయి, కొన్ని ట్రంపెట్లకో వరస, ట్రాంబోన్లకో వరస వాడాయి. బాక్ అలాంటిదే, ట్రంపెట్ జాబితాలో ట్రాంబోన్ నంబరు వెతికితే తప్పుడు ఏడాది వస్తుంది. జాబితా ఇచ్చే ఏడాదిని "అటూ ఇటూ" అని తీసుకుని, రెండో ఆధారం కలిసినప్పుడే ఖాయం చేసుకోండి.

రెండో ఆధారం బెల్ మీద చెక్కిన అక్షరాలు. నా లెక్కలో సీరియల్ కంటే ఇదే ఎక్కువ నమ్మకమైంది, ఎందుకంటే కంపెనీలు ఊళ్లు మారాయి, చేతులు మారాయి, ఆ సంవత్సరాలు అందరికీ తెలిసినవే. బాక్ ముందు న్యూయార్క్‌లో ఉండి 1953లో మౌంట్ వెర్నన్‌కు మారింది, 1961లో సెల్మర్ కంపెనీ కొన్నాక 1960ల మధ్యలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్‌కు వెళ్లింది. కాబట్టి బెల్ మీద మౌంట్ వెర్నన్ అని ఉంటే రమారమి పన్నెండేళ్ల కాలంలోకి వచ్చేసినట్టే, పైగా ఆ పేరు కనిపిస్తే సంగీతకారుల చెవులు నిక్కబొడుచుకుంటాయి. కాన్ కథ దీనికి తిరగేసి, వాళ్లు ఎల్‌ఖార్ట్‌లోనే పెరిగి 1970 ప్రాంతంలో టెక్సస్‌లోని అబిలీన్‌కు తరలిపోయారు, అందుకే 88హెచ్ అమ్మేటప్పుడు "ఎల్‌ఖార్ట్‌దా అబిలీన్‌దా" అన్న ఒక్క ప్రశ్న మీద బేరం తిరుగుతుంది. రెండూ ఒకే మోడల్, అబిలీన్‌వన్నీ చెడ్డవని కాదు, కానీ మార్కెట్‌లో పేరు ఎల్‌ఖార్ట్‌దే.

కింగ్ ట్రాంబోన్ మీద "హెచ్.ఎన్. వైట్, క్లీవ్‌లాండ్" అని ఉంటే 1965లో కంపెనీ చేతులు మారకముందు నాటిదని అనుకోవచ్చు, ఆ తర్వాతవి ఈస్ట్‌లేక్ ఊరికి మారిన కాలానివి. ఓల్డ్స్ అయితే లాస్ ఏంజెలెస్ అని ఉంటే పాతది, ఫుల్లర్టన్ అని ఉంటే 1950ల మధ్య నుంచి ఆ కంపెనీ మూతపడిన 1979 లోపుది. ఇంగ్లండ్ వాద్యాల్లో బూసీ, హాక్స్ రెండు వేర్వేరు కంపెనీలు, 1930లో కలిశాయి, జంట పేరు ఉందంటే 1930కి ముందుది అయ్యే వీలే లేదు.

దేశం పేరు కూడా చూడండి. విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు వేయాలని అమెరికాలో 1890 సుంకాల చట్టం పెట్టింది, కాబట్టి దిగుమతి వాద్యం మీద దేశం పేరు ఉంటే సాధారణంగా ఆ తర్వాతదే. "వెస్ట్ జర్మనీ" అంటే 1949కీ 1990కీ మధ్య. "చెకోస్లోవాకియా" అంటే 1918 నుంచి 1992 దాకా, ఇది మరీ పెద్ద వల, అయినా ఒక హద్దు దొరికినట్టే. అమెరికా పేటెంట్ నంబరు ఉంటే ఇంకా సులువు: పది లక్షలో పేటెంట్ 1911లో, ఇరవై లక్షలోది 1935లో, ముప్పై లక్షలోది 1961లో ఇచ్చారు. మీ దాని మీద 20 లక్షలు దాటిన నంబరుంటే 1935 కంటే పాతది కాలేదు, అంతే. ఎంత కొత్తదన్నది మాత్రం పేటెంట్ చెప్పదు, అదే నంబరు ఏళ్ల తరబడి వేస్తూ పోతారు.

మూడో దారి వాద్యం తీరు, పెట్టెలో దొరికే చిల్లర కాగితాలు. బొటనవేలితో నొక్కే ట్రిగ్గర్ ఉందని కొత్తదనుకోవద్దు, ఆ ట్రిగ్గర్ నడిపే ఎఫ్ వాల్వ్ ఆలోచన లైప్జిగ్‌లో సాట్లర్ అనే వాద్యాల తయారీదారు 1839 నాడే అమలు చేశాడు. గాలి దాదాపు తిన్నగా పోయేలా చేసిన కోను ఆకారపు పెద్ద వాల్వ్, అంటే థేయర్ వాల్వ్ ఉంటే మాత్రం అది 1970లకు ముందు అసలు లేదు, అయితే పాత ట్రాంబోన్‌కు తర్వాత బిగించినది కూడా అయ్యుండొచ్చు. పెట్టె మీద అమెరికా షాపు లేబుల్ ఉండి అందులో అయిదంకెల జిప్ కోడ్ కనిపిస్తే ఆ లేబుల్ 1963 తర్వాతది. యమహా కాగితాల్లో "నిప్పన్ గక్కి" అన్న కంపెనీ పేరు ఉంటే 1987కు ముందువి, ఆ ఏడాదే కంపెనీ తన పేరును యమహాగా మార్చుకుంది. పెట్టెలు మారిపోతాయి కాబట్టి ఈ ఆధారాలు బలహీనమైనవి. నంబరు ఒకటి చెప్పి, పెట్టె ఇంకోటి చెప్తే నంబరు మాటే వినండి, నంబరూ చెక్కిన అక్షరాలూ పోట్లాడుకుంటే అక్షరాల మాట వినండి.

ఒక్క విషయం మాత్రం వయసు కోసం కాకపోయినా తప్పక చూడాలి. గొట్టం మీద "ఎల్‌పి" లేదా "హెచ్‌పి" అని చిన్న ముద్ర ఉండొచ్చు, తక్కువ శ్రుతి, ఎక్కువ శ్రుతి అని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రెండు రకాలూ నడిచాయి, బ్రిటన్ బ్రాస్ బ్యాండ్లలో అయితే ఎక్కువ శ్రుతి 1960ల దాకా సాగింది. హెచ్‌పి వాద్యం ఈరోజు మామూలు బృందంలో ఎవరితోనూ కలవదు, శ్రుతి సరిచేసే ట్యూనింగ్ స్లైడ్ మొత్తం బయటికి లాగినా తంటాలే. "వాయించుకోవచ్చు" అని రాసి అమ్మితే అది అబద్ధం కిందే లెక్క.

స్లైడ్ చూడకుండా ధర అనుకోవద్దు

వయసు మీద రెండు రోజులు పెట్టినవాళ్లు స్లైడ్ మీద పది నిమిషాలు పెట్టరు, నాకు ఇదే విడ్డూరం. బెల్ విప్పి పక్కన పెట్టి, స్లైడ్ తాళం తీసి నిలువుగా పట్టుకోండి, కింద చెయ్యి అడ్డు పెట్టి బయటి గొట్టాన్ని నెమ్మదిగా వదలండి. దాని బరువుకు అదే జారాలి. ఎక్కడైనా ఆగితే అక్కడ సొట్ట ఉందనో గొట్టాలు వంకరయ్యాయనో అర్థం. తర్వాత పైన రెండు రంధ్రాలూ వేళ్లతో మూసి, బయటి గొట్టాన్ని కొంచెం లాగి వదిలితే లోపలికి లాక్కున్నట్టు వెనక్కి రావాలి, రాలేదంటే గాలి కారుతోంది. ఇప్పుడు బయటి గొట్టం పూర్తిగా తీసి లోపలి గొట్టాల చివర్లు చూడండి, అక్కడ కొంచెం లావుగా ఉండే భాగమే రాపిడి అంతా భరిస్తుంది. మెరిసే క్రోమ్ మధ్య పసుపుపచ్చ మచ్చలు తేలితే పూత లేచిపోయినట్టు. మళ్లీ పూత వేయించడం ఖరీదైన పని, మామూలు విద్యార్థి ట్రాంబోన్‌కు ఆ ఖర్చు ఎన్నటికీ గిట్టదు.

ఇంకోటి, గులాబీ రంగు చుక్కలు, మధ్యలో నల్లటి బిందువు. ఇత్తడిలోని జింక్ కరిగిపోయి రాగి మిగిలిపోవడం వల్ల వస్తాయి, అది లోపల్నుంచి బయటికి తినుకుంటూ వచ్చే జబ్బు కాబట్టి పైన చుక్క కనిపించిందంటే గోడ అప్పటికే పల్చబడింది. మౌత్‌పీస్ తర్వాతి గొట్టంలో, వంపుల్లో వెతకండి. బెల్ మీద సొట్టలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నా వాటంత భయం అక్కర్లేదు, మేస్త్రీలు దొర్లించి తీసేస్తారు. బెల్ మడతపడిన గీత మాత్రం పోదు.

లోపలి గొట్టం కొలత (దాని లోపలి వ్యాసం, అంగుళాల్లో) కూడా తెలుసుకోండి, కొనేవాడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి అదే. 0.500 అంగుళాలు, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువగా విద్యార్థుల రకం. కింగ్ 3బి 0.508. బాక్ 36 అయితే 0.525. బాక్ 42, కాన్ 88హెచ్ లాంటి ఆర్కెస్ట్రా టెనర్ ట్రాంబోన్లు 0.547. బాస్ ట్రాంబోన్లు 0.562 దగ్గర ఉంటాయి. కొలవడం చేతకాకపోతే మోడల్ పేరు పట్టుకుని వెతికితే చాలు.

బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా

నా సలహా సూటిగా చెప్తాను: శుభ్రం చేయండి, మెరుగు పెట్టకండి. గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెలు తోమే సబ్బు, గొట్టాల్లో దూరే బ్రష్, అంతవరకే. వేడినీళ్లు పోస్తే పాత లాకర్ పూత (ఇత్తడి నల్లబడకుండా వేసే పల్చటి పొర) పొరలు పొరలుగా లేచిపోతుంది. బజారులో దొరికే ఇత్తడి పాలిష్‌తో రుద్దితే లాకర్‌తో పాటు చెక్కిన అక్షరాలు కూడా అరుగుతాయి, పాత వాద్యాల మీద ఆ అక్షరాలే మీ సాక్ష్యం అని మర్చిపోవద్దు. కొత్తగా లాకర్ వేయించి తళతళలాడేలా చేస్తే రేటు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ పాతవి సేకరించేవాళ్లు దాన్ని లోపంగానే చూస్తారు, పూత ముందు వాద్యాన్ని గట్టిగా బఫ్ చేస్తారు కాబట్టి లోహం పల్చబడుతుందని వాళ్ల అభ్యంతరం.

మౌత్‌పీస్ ఇరుక్కుపోతే దయచేసి కటింగ్ ప్లేయరు తియ్యొద్దు. నేను తీశాను. మౌత్‌పీస్ రాలేదు, గొట్టం మెలితిరిగింది, టంకం ఊడింది. దానికోసమే చిన్న పుల్లర్ పనిముట్టు ఉంటుంది, బాగుచేసేవాళ్ల దగ్గర నిమిషం పని.

బాగు చేయించాల్సింది ఒక్కటే ఉంటే అది స్లైడ్ అలైన్‌మెంట్, అంటే గొట్టాలను వంకర లేకుండా సరిచేయడం, అది కూడా మంచి కాలపు మోడల్ అయితేనే. విద్యార్థి రకమైతే ఉన్నదున్నట్టు అమ్మి, లోపాలు వివరంగా రాయండి.

ఎవరికి అమ్మాలి

పైన కష్టపడి తేల్చుకున్నదంతా ఇక్కడ పనికొస్తుంది. మీ ట్రాంబోన్ విద్యార్థి రకం, స్లైడ్ బాగుంది అనుకుందాం. కాన్ వాళ్ల పాన్ అమెరికన్, కింగ్ వాళ్ల క్లీవ్‌లాండ్, ఓల్డ్స్ అంబాసిడర్, బండీ, లేదా యమహా 354 లాంటివి. ఇవి వయసు వల్ల విలువ పెరిగేవి కావు, పనిచేస్తే అమ్ముడవుతాయి. నేరుగా నేర్చుకునేవాళ్లకు అమ్మడమే మేలు, బ్రాస్ నేర్పే మాస్టారికి ఒక మాట చెప్తే ఆయన దగ్గర ఎవరో ఒకరు వెతుకుతూనే ఉంటారు. షాపుకు వేస్తే తక్కువే ఇస్తారు, ఇవ్వాలి కూడా, వాళ్లు కడగాలి, సరిచేయాలి, గ్యారంటీ ఇవ్వాలి, అమ్ముడయ్యేదాకా డబ్బు ఇరికించుకోవాలి. మీకు ఆ తలనొప్పి వద్దనుకుంటే ఆ తేడా చెల్లించినట్టు అనుకోండి, బాధపడక్కర్లేదు.

అదే రకం, స్లైడ్ పోయింది అయితే? వారాల తరబడి ప్రకటన పెట్టి కూర్చోకండి. బాగుచేసే మేస్త్రీకి విడిభాగాల కోసం ఇచ్చేయండి, ఆయన ఏదిస్తే అది.

మంచి కాలపు వృత్తి వాద్యం, ఎల్‌ఖార్ట్ 88హెచ్, మౌంట్ వెర్నన్ బాక్, వైట్ కాలపు కింగ్ లాంటిదైతే కథ పూర్తిగా వేరు. ఇక్కడ మూడు దారులు పోటీ పడతాయి. నేరుగా వాయించేవాడికి అమ్మితే అన్నిటికంటే ఎక్కువ చేతికొస్తుంది, కానీ సవాలక్ష ప్రశ్నలకు జవాబివ్వాలి, ఫోటోలు మళ్లీ మళ్లీ పంపాలి, నాలుగు రోజులు వాయించి చూసి వెనక్కి పంపుతానంటే ఒప్పుకోవాలి. బ్రాస్ వాద్యాలే అమ్మే షాపులో కమిషన్ మీద పెట్టడం రెండోది. వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లకు 88హెచ్ అంటే ఏంటో వివరించక్కర్లేదు, ఆ ఒక్క లాభం చాలా పెద్దది. కమిషన్ ఎంత, అమ్ముడవకపోతే ఎన్నాళ్లకు తిరిగిస్తారు, షాపులో ఉండగా సొట్ట పడితే ఎవరిది బాధ్యత, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి, మాట మీద వదిలేయొద్దు. మూడోది ఆన్‌లైన్ వేలం. పేరున్న మోడల్‌కు, నంబరు స్పష్టంగా ఉన్నదానికి బాగానే పనిచేస్తుంది, పోటీ వస్తే మీరు అనుకోని రేటూ రావొచ్చు, ఒక్కడే పాడితే అడ్డికి పావుసేరుకు పోతుంది. కనీస ధర పెట్టుకునే వీలుంటే తప్పకుండా పెట్టుకోండి. నన్ను ఒక్కటి ఎంచుకోమంటే, తొందర లేకపోతే నేరుగా, వివరాలు రాయడం చిరాకైతే కమిషన్ మీద. వేలం ఆఖరికి.

పాతదిచ్చి కొత్తది తీసుకునే ఎక్స్ఛేంజ్ గురించి ఒక్క ముక్క. మీరు ఎలాగూ ఆ షాపులోనే ఇంకో ట్రాంబోన్ కొనబోతుంటేనే అడగండి, అప్పుడైనా పాతదానికి ఇచ్చే రేటూ కొత్తదాని మీద తగ్గింపూ విడివిడిగా చెప్పించుకోండి, రెండూ కలిపి చెప్తే దేని మీద తగ్గించారో మీకు ఎప్పటికీ తెలియదు.

హెచ్‌పి ముద్ర ఉన్నవి, 1900 ప్రాంతపువి, వాయించడానికి పనికిరానివి సేకరణకర్తలకో నాటకాల వాళ్లకో అలంకారానికో వెళ్తాయి, వాటికి మాత్రం వేలమే సరైన చోటు, అక్కడ వయసు నిజంగా కాస్త పనిచేస్తుంది.

ధర చూసేటప్పుడు అడుగుతున్న రేట్లు చూడొద్దు, అమ్ముడైపోయినవాటి రేట్లు చూడండి. రెండేళ్లుగా కదలని ప్రకటనలో ఎంత రాసినా అది ఆశే, రేటు కాదు. ప్రకటనలో వయసు రాసేటప్పుడు "1962" అని ఒక్క ఏడాది రాయకుండా "బెల్ మీద ఈ అక్షరాలున్నాయి, నంబరు ఇది, దీన్ని బట్టి 1960ల మొదట్లోది అనుకుంటున్నాను" అని రాయండి, తెలిసినవాడు చూసి సవరిస్తాడు, అది మీకే లాభం. ఫోటోల్లో లోపలి గొట్టాల చివర్లు దగ్గర నుంచి, సీరియల్, బెల్ మీది అక్షరాలు, సొట్టల మీద పక్క నుంచి వెలుగు పడేలా ఒకటి, వీలైతే స్లైడ్ జారే చిన్న వీడియో.

దూరం పంపాల్సి వస్తే స్లైడ్ తాళం వేసి, పెట్టెలో అది ఉండే చోట కదలకుండా గుడ్డ కుక్కండి, మౌత్‌పీస్ విడిగా చుట్టండి. దారిలో అది ఊడి దొర్లితే స్లైడ్ మీద తగిలే మొదటి సొట్ట అదే వేస్తుంది. ఆ పెట్టెను ఇంకో అట్టపెట్టెలో పెట్టి చుట్టూ మెత్తగా నింపండి, అప్పటికే తీసిన స్లైడ్ వీడియో దాచుకోండి, రేపు కొన్నవాడు "ఇలాగే వచ్చింది" అంటే చూపించడానికి.